రంగుల కంపెనీ వెనక లేవని కాయ

ఏడో తరగతి నన్ను రెండేళ్లు భరించింది. మూడో ఏడు దాని మీద జాలిపడి నేనే బడి మానేశాను. అలాంటివాడు దయ్యాల కథ చెబితే ఎవరు నమ్ముతారంటారేమో. నేనే నమ్మను. నా ముఖం చూశాక కూడా ఎదురొచ్చే ధైర్యం ఏ దయ్యానికీ ఉండదు.

నా పని బోరు పాయింట్లు చూడటం. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడుస్తాను. నీళ్లున్న చోట కాయ నిటారుగా లేస్తుందని జనం నమ్మకం. బొటనవేలి కింది కండ బిగించి లేపేది నేనే. నేల వాలు, గడ్డి చూసి చోటు ముందే ఎంచుకుంటాను. కాయ జనం కోసం, కళ్లు నా కోసం. పదిహేనేళ్లలో ఆ కండ ఒక్కసారీ మొరాయించలేదు.

మొన్న ఎండాకాలం కేసముద్రం అవతల ఒక తండా నుంచి జమ్లి అక్క పిలిపించింది. తండాను ఆనుకుని ఎప్పుడో మూతపడిన రంగుల కంపెనీ ఉంది. గోడలే మిగిలాయి. తండాలో బోరింగు కొడితే పసుపు నీళ్లు. వాటితో స్నానం చేయడంతో అక్క మనవరాలి చేతులు పొలుసులు లేచాయి. ఇళ్లన్నీ కలిసి ఒక్క బోరుకు సిద్ధమయ్యాయి. అది తప్పితే రెండోదానికి తాహతు లేదు.

కంపెనీ గోడ వెనక పల్లం చూడగానే పనైపోయిందనుకున్నాను. అంత ఎండలోనూ పచ్చగడ్డి. పైనీళ్లు చెడినా లోతుకు పోతే మంచివే తగులుతాయని నా లెక్క.

కండ బిగించాను. కాయ లేవలేదు. చెయ్యి తుడుచుకుని మళ్లీ బిగించాను. దొర్లి కింద పడింది. వేరే కాయ తీసుకున్నాను. అరచేతిలో బండరాయిలా బరువుగా, కదలకుండా ఉంది. గాలి లేదు. చెయ్యి వణకలేదు.

"ఏంది తమ్మీ, నీ కాయ పండుకుందా?" అంది జమ్లి అక్క. అందరూ నవ్వారు.

"ఎండకు సోలిందక్కా. జర గట్టుకు తిప్పుకొస్త."

పరువు కాపాడుకోవడానికి పైనున్న బండల వైపు నడిచాను. అక్కడ నీళ్లు పడతాయని నా పని తెలిసినవాడెవడూ అనడు. చెయ్యి వదులుగా ఉంచాను. కాయ లేచి నిలబడింది.

నిజం కక్కక తప్పలేదు. "అక్కా, గిది నేను లేపలే. పల్లంల లేపుదామని చూసిన, లేవలే. నా మాట నమ్మకు."

అక్క నన్ను ఎగాదిగా చూసి, కాయ లేచిన చోట రాయి పెట్టింది. "గీన్నే ఏయిండ్రి."

నీళ్లు సన్నగా పడ్డాయి, కానీ తేటగా. పరీక్షకు పంపితే తాగొచ్చన్నారు. నెల తర్వాత పల్లంలో కరెంటు స్తంభానికి గుంత తీస్తే తుప్పు పట్టిన డ్రమ్ములు బయటపడ్డాయి, చుట్టూ పసుపు బురద. ఆ కంపుకు తవ్వేవాళ్లు పారలు వదిలి ఉరికారు. అక్కడ పూడ్చిన సంగతి తండాలో ఎవరికీ తెలియదు.

వాసన ముందే తగిలి చెయ్యి జంకిందనుకుందామంటే, నస్యానికి మొద్దుబారిన నా ముక్కుకు మల్లెపువ్వే ఆనదు. పోనీ, పల్లంలో చెమటకు జారిందనుకుందాం. బండల మీద ఎలా లేచింది? ఎన్ని రకాలుగా ఆలోచించినా అంతుచిక్కలేదు.

ఆ మాటే ఒకరోజు కొత్త బోరు దగ్గర అక్కతో అన్నాను. "ఏం తెల్వకుండనే మీకు పాయింటు చూపించిన అక్కా."

అక్క బిందె నెత్తికెత్తుకుంది.

"పోనీతియ్ తమ్మీ. అన్నీ తెల్సినోళ్లే గద గా కంపెనీ పెట్టింది."