రాహుకాలానికి నేను కలిపిన పది నిమిషాలు

రాష్ట్రం రెండుగా విడిపోవడానికి రెండేళ్ళ ముందు, ఏప్రిల్ నెలలో, నన్ను అనంతపురం ప్రాంతానికి వారంటీ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. కార్ల కంపెనీలో ఈ ఉద్యోగం చేసేవాడంటే ఎవరికీ ఇష్టం ఉండదు. గడువులోపల కారులో ఏ భాగమైనా చెడిపోతే, అది తయారీలో లోపమా, వాడకంలో తప్పా అని తేల్చాలి. తయారీ లోపమంటే కంపెనీకి కోపం, వాడకం తప్పంటే యజమానికి కోపం. సర్వీస్ ఇంజనీరుకు ఒక మెట్టు పైన, ప్రాంతీయ మేనేజరుకు రెండు మెట్లు కింద ఉండే పదవి. తిట్లు మాత్రం పైనుంచీ కిందనుంచీ సమానంగా అందేవి. నాకది బాగానే ఉండేది. కాలేజీ రోజుల నుంచి ముహూర్తాల మీద, శకునాల మీద, గ్రహాల మీద నమ్మకాన్ని ఎదిరిస్తూ వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి. ఇక్కడ జీతమిచ్చి మరీ వాదించమంటున్నారు!

మా కారులో ఉన్నది అప్పటికే పాతబడిన టర్బో డీజిల్ ఇంజను. నాలుగు సిలిండర్లు, రెండు లీటర్లకు కాస్త తక్కువ, ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్డు. మొండి ఇంజను. దాని రోగాలు మాకు కంఠతా వచ్చు. సమయానికి మార్చకపోతే టైమింగ్ బెల్టు తెగి, వాల్వులు వెళ్ళి పిస్టన్లకు గుద్దుకుంటాయి. రేడియేటర్‌కు దుమ్ము పడితే ఇంజను వేడెక్కి, బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే గాస్కెట్ కాలుతుంది. పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మసితో బిగుసుకుపోతుంది. వీటన్నిటికంటే సుకుమారమైనది టర్బో. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో చివరన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని మోసేదీ, చల్లబరిచేదీ పల్చటి నూనె పొర ఒక్కటే. ఆ నూనెను పంపేది ఇంజను. ఇంజను ఆగితే నూనె ఆగుతుంది. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు, మిగతా యంత్రశాస్త్రమంతా మరిచిపోయినా పరవాలేదు.

నేను చేరిన మొదటి నెలలోనే ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నాగభూషణం కారు వర్క్‌షాపుకు వచ్చింది. సైరన్‌లా కూస్తూ, నీలం పొగ వదులుతూ వచ్చింది. టర్బో పోయిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అదే కారుకు అది మూడో టర్బో.

విప్పించి చూశాను. చక్రాల రెక్కలు చెక్కుచెదరలేదు, అంటే రాయీ రప్పా లోపలికి పోలేదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. ఇరుసు మాత్రం వదులు పన్నులా ఊగింది. నూనె తెచ్చే సన్న గొట్టంలో తీగ దూర్చితే దిగలేదు. లోపలంతా మాడిన పులుసు అడుగులాంటి నల్లటి పెంకు. నూనె మాడి, దారి మూసుకుపోయి, టర్బో ఎండి చచ్చింది. మరి నూనె ఎందుకు మాడింది? నాసిరకం నూనె పోస్తే మాడుతుంది. బాగా పరుగెత్తిన ఇంజనును ఆ వేడిమీదే ఆపేసినా మాడుతుంది.

రెండో సంగతి డ్రైవర్ని అడిగాను. డ్రైవర్ పేరు ఏసోబు. నలభై దాటిన మనిషి, ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ నౌకరీ. అతను నోరు తెరిచేలోపే నాగభూషణం అందుకున్నాడు.

"మా బండిని నేను కంటికి రెప్ప మాదిరి సూసుకుంటా సార్. తప్పంతా వీనిది. మంచి నూనెకని దుడ్లు తీస్కోని, మధ్యలో ఏందో చవక నూనె పోపిస్తాండాడు. మీ కాగితంలో డ్రైవర్ తప్పు అని రాసీండి, ఈపొద్దే పంపిచ్చేస్తా."

"నూనె నేను ముట్టను సార్," అన్నాడు ఏసోబు. "ఆ డబ్బా యాడుండాదో గూడా నాకు తెల్దు. దాని బీగంచెవి సావుకారి మొల్తాడుకు ఉండాది."

మెకానిక్కులు నవ్వారు. నాగభూషణం నవ్వలేదు. నా కలం కదిలితే ఏసోబుకు ఉద్యోగం పోతుంది. అంతటితో ఆగదు. నూనె దొంగ అన్న పేరు పడ్డ డ్రైవరుకు ధర్మవరంలో ఇంకో తాళంచెవి ఎవరూ ఇవ్వరు. నేను డిక్కీ కూడా తెరిపించి చూశాను. రెండు మడత కుర్చీలు, ఒక చాప, బొరుగుల సంచి, నీళ్ళ క్యాను ఉన్నాయి. చవక నూనె డబ్బా లేదు. కుర్చీలు ఎందుకో అర్థం కాలేదు. సాక్ష్యం చాలదు కాబట్టి వాడకం కళ్ళారా చూడాలని, డీలరు దగ్గరున్న టర్బో ఒకటి బిగించమన్నాను. ఎప్పటిలాగే తోలండి, వెనక సీట్లో నేనూ వస్తానన్నాను.

ఆ శుక్రవారం పొద్దున నాగభూషణానికి ఉరవకొండలో పని. నా కాగితాల వల్ల బయల్దేరడం ఆలస్యమైంది. ఏసోబు మంచి డ్రైవరు. గేరు మార్చితే తెలిసేది కాదు, గుంట వస్తే మర్యాదగా పక్కకు జరిగేవాడు. దున్ని వదిలేసిన ఎర్రచేలు రెండు వైపులా ఎండకు మెరుస్తున్నాయి. పది దాటగానే ముందుసీట్లో నాగభూషణం కదలడం మొదలుపెట్టాడు. గడియారం చూస్తాడు, రోడ్డు చూస్తాడు, మళ్ళీ గడియారం.

"తొక్కురా ఏసోబూ, తొక్కు! కానుగ చెట్టు ఇంగా దూరముండాది!"

ఏసోబు తొక్కాడు. అంతవరకు పెళ్ళికొడుకులా నడిచిన కారు తేనెటీగలు తరిమినట్టు పరుగెత్తింది. టర్బో ఈల వేసింది. మండే ఎండలో, ఎత్తెక్కే రోడ్డు మీద, యాక్సిలరేటర్ నేలకు అంటుకుంది. ఒంటరి కానుగ చెట్టు కనపడింది. బ్రేకు. "పదిన్నర!" అని నాగభూషణం అరిచాడు. ఏసోబు తాళం తిప్పేశాడు. నిశ్శబ్దం.

మరుక్షణం డిక్కీ తెరుచుకుంది. కుర్చీలు దిగాయి. చాప పరుచుకుంది. బొరుగుల సంచి మూతి విప్పుకుంది.

"దిగండి సార్. పన్నెండు దాకా పనేం ల్యా," అన్నాడు నాగభూషణం.

ఏమిటిదని అడిగాను.

"ఏమప్పా, రాహుకాలం కదా! ఈ టైంలో మా బండి తిరగాడదు. ఇంజను ఉరమను గూడా ఉరమగూడదు. యాడుంటే ఆడ ఆపేస్తాం, దినామూ. సెప్పినా కదా, కంటికి రెప్ప మాదిరి అని!"

నాకు నవ్వొచ్చింది. కానుగ బోదెను పట్టుకుని నవ్వాను. ఏడు వారాలకు ఏడు రాహుకాలాలు, దారిలో ఉన్న ప్రతిసారీ ఇదే పరుగు, ఇదే ఆపడం! ఇంత ముఖ్యమైన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో అది వాడకం కాదు, జాగ్రత్త.

ఇక నా ఆనందం చూడాలి. వాదసభల్లో శ్రోతలు మధ్యలో లేచిపోవడం నాకు అలవాటే. ఇక్కడ పన్నెండు దాకా శ్రోత లేచిపోయే వీల్లేదు. ఆయన గ్రహమే ఆయన్ని కుర్చీకి కట్టేసింది. మొదలుపెట్టాను. ఆ రోడ్డు మీద లారీలు పోతున్నాయే, వాటిని రాహువు ఎందుకు వదిలేస్తున్నాడు? "వాళ్ళ జాతకం వాళ్ళది." సరే, పొద్దు పొడిచే వేళ ఏడాదంతా ఒకటి కాదు గదా, మీ రాహువు మాత్రం ఎండాకాలం, చలికాలం పదిన్నరకే ఎట్లా వస్తాడు? "క్యాలెండర్‌లో అచ్చేసినారు కదప్పా!" నీకెట్లా అనిపిస్తుందని ఏసోబును అడిగితే, "మా దేవుడు టైం అడగడు సార్. మా సావుకారే అడుగుతాడు," అని బొరుగులు నమిలాడు.

మాటలతో కాదని లేచి బానెట్ ఎత్తాను. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి, దాని కొననున్న నూనె చుక్కను టర్బో ఇనుప గూటి మీద రాల్చాను. బుస్సుమంది. పొగ లేచింది. చుక్క చూస్తుండగానే గోధుమరంగుకు, ఆ తర్వాత నల్లరంగుకు తిరిగింది. గోటితో గీకితే పెంకు లేచింది. గొట్టంలో దొరికిన పెంకే అది.

"పరుగెత్తినప్పుడు నూనె పారుతూ ఉంటుంది, వేడిని మోసుకుపోతుంది. మీరు ఠక్కున ఆపేస్తే నూనె ఉన్నచోటే నిలబడి ఇట్లా మాడుతుంది. ఏసోబు దొంగ కాదు. మీ రాహుకాలమే మూడు టర్బోలను తిన్నది," అన్నాను గెలుపు గొంతుతో.

నాగభూషణం కుర్చీలోంచి లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"అంటే రాహుకాలం టర్బోను తింటాదని మీరే ఒప్పుకుంటిరి కదా సార్! ఏసోబూ, ఇన్నావా? ఇంజనీరు సారే సెప్తాండాడు!"

ఏసోబు నవ్వి నవ్వి చాప మీద పడ్డాడు. నా వాదనా జీవితంలో నా మాటను అంత అందంగా తిప్పి నా మెడకే వేసినవాడు ఇంకొకడు లేడు.

రాహుకాలం మానమని అడిగాను. "సచ్చినా మానను." ఆపేముందు రెండు నిమిషాలు ఇంజనును ఊరికే తిరగనివ్వమన్నాను. "రాహుకాలంలో ఉరమగూడదంటే ఇనపడదా మీకు?" ఏసోబు మెల్లగా అన్నాడు, "సావుకారీ, మరి ముందే ఆపుకుందాం." అప్పుడు బేరం కుదిరింది. రాహుకాలానికి పది నిమిషాల ముందే పరుగు తగ్గించాలి, ఆఖరి రెండు నిమిషాలు బండి నిలబెట్టి ఇంజనును ఊరికే తిరగనివ్వాలి, ఆ తర్వాతే తాళం. నాగభూషణం కాస్త ఆలోచించి, ఏసోబు వైపు చూడకుండా, "నూనె మాట నేను ఊరికే అన్న్యాలే రా," అన్నాడు. "తెలుసు సావుకారీ, బీగంచెవి మీతానే ఉండాది కదా," అన్నాడు ఏసోబు.

నివేదికలో "యజమాని ఆదేశం మీద వేడి ఇంజనును ఆపడం వల్ల; డ్రైవరు తప్పు లేదు" అని రాశాను. కంపెనీ నాలుగో టర్బో ఊరికే ఇవ్వలేదు, నాగభూషణమే కొనుక్కున్నాడు, నన్ను తిట్టాడు, ఏసోబును ఉంచుకున్నాడు. నేను అక్కడ ఉన్నంతకాలం ఆ కారు మళ్ళీ టర్బో కోసం రాలేదు.

బదిలీ అయ్యే ముందు పామిడి దగ్గర టీ కొట్టులో, నన్ను ఎరగని ఒక డ్రైవరు పక్కవాడికి చెబుతున్నాడు: "టర్బో బండికి రాహుకాలం పది నిమిషాలు ముందే పడతాదప్పా. యాడిదో పెద్ద పండితుడు సూసి సెప్పినాడంట." టీ ముక్కులోకి పోయింది. ఇన్నేళ్ళు రాహుకాలాన్ని ఒక్క నిమిషమైనా తగ్గించలేకపోయినవాణ్ణి, ఏకంగా పది నిమిషాలు పెంచాను!

ఈ ఉదంతం నేర్పింది ఇది. నియమం ఊరు దాటుతుంది, కారణం దాటదు. కానుగ చెట్టు కింద కారణం ఇద్దరికే చెప్పాను, అది అక్కడే ఉండిపోయింది. అందుకే ఇప్పుడు అచ్చులో పెడుతున్నాను. టర్బో డీజిల్ నడిపేవాళ్ళు దూరం పరుగెత్తాక బండి నిలబెట్టి, రెండు నిమిషాలు ఇంజనును ఊరికే తిరగనిచ్చి ఆపండి. ఏ వారమైనా, ఏ వేళైనా.