బ్యాకప్‌కి నీళ్లు పోశాను

ఒక కంపెనీ మెయిల్ మొత్తాన్ని అర సీసా నీళ్లతో మాయం చేయడం ఎలాగో నేర్చుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే నా దగ్గరికి రండి. ఫీజు అక్కర్లేదు. ఈ విద్యలో గోదావరి జిల్లాల్లో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు. ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ అరచేతుల్లో చెమటలు పడతాయి. మీరు మాత్రం నిరభ్యంతరంగా నవ్వుకోండి. మా ఆఫీసులో అందరూ నవ్వేశారు, మిగిలింది మీరే.

మాది భీమవరం దగ్గర చిన్న రొయ్యల కంపెనీ. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది ఓడ ఎక్కిస్తాం. యజమాని రాజు గారు. లెక్కలు చూసేది వరలక్ష్మి గారు. నేను సిస్టమ్స్ ఇన్‌ఛార్జిని. సిస్టమ్స్ అంటే ఏవేవో ఊహించుకునేరు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక ఇన్వర్టరు, అంతే. ఈ మూడింటిలో నా ప్రాణమంతా ఇన్వర్టరు మీదే ఉండేది. దాని బ్యాటరీని నేనే బేరమాడి కొన్నాను. దసరాకి బొట్టు పెట్టి దండ వేశాను. నెలనెలా మరిచిపోకుండా డిస్టిల్డ్ వాటర్ పోసేవాణ్ణి. మా వైపు బ్యాకప్ అంటే అదేనండీ. "మీ ఇంట్లో బ్యాకప్ ఎంతొస్తుందండీ?" అని ఒకరడిగితే, "ఫ్యాన్లకైతే నాలుగు గంటలొస్తుందండీ" అని ఇంకొకరు చెబుతారు. అందులో ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు. నాకూ ఉండేది కాదు. కొంపలంటుకున్నది అక్కడే.

ఒకరోజు విశాఖపట్నం నుంచి మాధురి గారు ఫోన్ చేశారు. విదేశీ కంపెనీల తరఫున ఇక్కడి సరుకు చూసి ఆర్డర్లు ఇచ్చే ఆవిడ. మా మొట్టమొదటి పెద్ద ఆర్డరు ఆవిడ చేతిలో ఉంది. రాజు గారు నా కుర్చీ వెనకాలే నిలబడి, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నారు.

"మా ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ మెయిల్ మీదేనండీ. మీ మెయిల్‌కి బ్యాకప్ ఉందా?" అని అడిగారావిడ.

"ఆయ్, ఉందండీ."

"ఎన్ని గంటలకోసారి?"

నాకు 'ఎన్ని గంటలు' అన్నంతవరకే వినబడింది. "నాలుగు గంటలండీ."

"అబ్బో! పెద్ద కంపెనీలే రోజుకోసారి తీస్తాయి. మరి ఏదైనా జరిగి మెయిల్ ఆగిపోతే, మళ్లీ పనిచేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెప్పపాటండీ. ఆగిందని మాకే తెలియదండీ."

"రెప్పపాటా?" అన్నారావిడ.

"ఆయ్. మొన్న గాలివానకి కూడా పరీక్షించామండీ."

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. రాజు గారు నా వీపు తట్టి, "ఒరేయ్ శ్రీనూ, ఆ అమ్మాయి నీ మాట నమ్మి ఆర్డరిచ్చిందిరా. బ్యాకప్ జాగ్రత్త. తేడా వచ్చిందో, రేపట్నుంచి నువ్వు షెడ్లో కూర్చుని రొయ్య తలకాయలు తీయాలి" అన్నారు.

"నెలనెలా నీళ్లు పోస్తున్నానండీ" అన్నాను గర్వంగా. మెయిల్‌కి నీళ్లేమిటని ఆయన అడగలేదు. కంప్యూటర్ల సంగతి మనకెందుకులే అనుకున్నట్టున్నారు.

ఇక్కడే ఇంకో ముక్క చెప్పాలి. మా మెయిల్ అంతా ఆ ఒక్క కంప్యూటర్లోకే దిగేది, సర్వర్లో ఏమీ మిగిలేది కాదు. చోటు ఆదా అవుతుందని అలా పెట్టిన మేధావిని నేనే. ఒక నకలు మాత్రం రాజు గారి ఫోన్లోకి వెళ్లేది, అది ఫోను అమ్మిన షాపువాడి పుణ్యం. ఆయన ఒక్కటీ తెరిచేవారు కాదు. దాంతో మెయిల్ బొమ్మ మీద ఎర్రగా ఒక అంకె కూర్చుని రోజురోజుకీ లావెక్కేది. "ఒరేయ్, ఈ ఎర్ర అంకె చూస్తుంటే ఎవరికో బాకీ ఉన్నట్టుందిరా, తీసెయ్" అనేవారు. "రేపు తీస్తానండీ" అనేవాణ్ణి. ఆ రేపు ఏడాదైనా రాలేదు.

సరే, సరుకు వెళ్లాల్సిన రోజు వచ్చింది. ఓడ రేవుకి సాయంత్రంలోగా కంటైనరు బయలుదేరాలి. అది పొద్దున్నే వచ్చి గేటు లోపల గుర్రుమంటూ నిలబడింది. పెట్టెలన్నీ సిద్ధం, వాటి మీద అతికించే లేబుల్ మాత్రం అచ్చు వేయాలి. విదేశీ కంపెనీవాళ్లు అక్షరం అక్షరం చూసి ఖాయం చేసిన లేబుల్ మాధురి గారి మెయిల్‌లో ఉంది. అది లేకుండా పెట్టె కదలడానికి వీల్లేదు. రాజు గారు, "ఇంకేముందిరా, మీట నొక్కడమే కదా" అని భరోసాగా కుటుంబంతో అన్నవరం వ్రతానికి వెళ్లారు.

మీట నొక్కేవాణ్ణే. కానీ ఇంత ముఖ్యమైన రోజున కరెంటు పోతే? బ్యాకప్ చాలకపోతే? ఈ ఆలోచన రాగానే లేచాను. డిస్టిల్డ్ వాటర్ సీసా తీసి, మూత విప్పి, బ్యాటరీ మీదికి వంగాను. కంప్యూటరు డబ్బా దాని పక్కనే ఉంది. అప్పుడే కంటైనరు డ్రైవరు హారన్ కొట్టాడు. ఉలిక్కిపడ్డాను. సీసాలో సగం డబ్బా నెత్తిన పడింది.

'టప్' మంది. సన్నగా పొగ వచ్చింది.

తల పైకెత్తి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. ట్యూబులైటు వెలుగుతోంది. ఇన్వర్టరు మీద పచ్చ దీపం నిక్షేపంలా ఉంది. మెయిల్ ఒక్కటే లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను దీపాన్ని ఒక్కదాన్నే చక్కబెట్టుకున్నాను.

"ఏంటి బాబూ, ఆ పొగ? సాంబ్రాణా?" అన్నారు వరలక్ష్మి గారు లెక్కల్లోంచి తల ఎత్తకుండా.

"మెయిల్ పోయిందండీ."

"ఎక్కడికి?"

రిపేర్లు చేసే సత్తిబాబుకి ఫోన్ చేశాను. బండేసుకుని వచ్చి, డబ్బా విప్పి, ముక్కు మూసుకున్నాడు. "డిస్కు పోయిందండీ. పర్లేదులెండి, బ్యాకప్ ఉందా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎందుకు లేదండీ! నాలుగు గంటలుంది."

"ఏదండీ?"

చూపించాను. సత్తిబాబు బ్యాటరీని చూశాడు, దాని బొట్టుని చూశాడు, నన్ను చూశాడు.

"అది బ్యాటరీ అండీ."

"అవునండీ, బ్యాకపే."

"మరి అందులోంచి మెయిల్స్ ఎలా తీయమంటారండీ? గరిటె పెట్టి తోడమంటారా?"

చూశారా, మా వైపు ఇల్లు కాలుతున్నా ముందు వెటకారం, తర్వాతే నీళ్లు. నాలుగు గంటలు, రెప్పపాటు, గాలివాన... మాధురి గారు అడిగింది మెయిల్ నకలు గురించి, నేను చెప్పింది ఇన్వర్టరు గురించి అని నాకు అప్పుడు అర్థమైంది. సరిగ్గా అప్పుడే ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది.

"శ్రీను గారూ, రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదేంటండీ? మీది రెప్పపాటు కదా?"

"ఆయ్... ఇవాళ రెప్ప కాస్త మెల్లగా పడుతోందండీ."

"ఏమన్నారూ?"

"సిగ్నల్ లేదండీ, వినబడట్లేదండీ" అని పెట్టేశాను. వినబడకపోవడమేంటి, నా గుండె చప్పుడు కూడా ఆవిడకి వినబడే ఉంటుంది.

"ఆ లేబులేదో ఆవిడనే మళ్లీ పంపమనొచ్చుగా?" అన్నారు వరలక్ష్మి గారు.

"ఎలా అడుగుతానండీ! మన బ్యాకప్ చూసే ఆర్డరిచ్చారు. బ్యాకప్ లేదని తెలిస్తే ఆర్డరూ పోతుంది, రాజు గారి పరువూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది."

"ఉద్యోగం ఎక్కడికీ పోదు బాబూ. షెడ్లోకి మారుతుంది."

బయట డ్రైవరు మళ్లీ హారన్ కొట్టాడు. సాయంత్రం దగ్గరపడుతోంది. వరలక్ష్మి గారు మంచినీళ్లిస్తే వద్దన్నాను. నీళ్లంటేనే భయం పట్టుకుంది. అప్పుడు సత్తిబాబు స్క్రూలు బిగిస్తూ మామూలుగా అడిగాడు: "ఈ మెయిల్ ఇంకెక్కడైనా పెట్టుకున్నారా అండీ? ఎవరి ఫోన్లోనైనా?"

ఎర్ర అంకె! ఎగిరి గంతేశాను, మోకాలు బల్లకి తగిలింది. కుంటుకుంటూనే రాజు గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. వ్రతంలో ఉన్నారు కాబోలు. నేనిక్కడ కుర్చీలో కూర్చునే అదే స్వామికి దణ్ణాలు పెడుతున్నాను. ఎన్నోసారికో గానీ ఎత్తారు.

"ఏరా, ప్రసాదం తెస్తాలేరా, దానికిన్ని ఫోన్లా?"

"రాజు గారూ, మీ ఫోన్లో ఎర్ర అంకె ఉందాండీ?"

"అదా! నువ్వు ఏడాదైనా తీయలేదు కదరా. మా అల్లుడు తీసేస్తానని ఇప్పుడే తీసుకున్నాడు."

"వద్దండీ!" అని నేను అరిచిన అరుపుకి షెడ్లో రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్లంతా గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు. "దాన్ని ముట్టుకోవద్దనండీ! మీ కాళ్లకి దణ్ణం పెడతానండీ!"

"ఏంట్రా, అంకా, బాంబా?"

అవతల అల్లుడు గారి గొంతు తాపీగా వినబడింది. "అన్నీ సెలెక్ట్ చేశాను మావయ్యా. డిలీట్ నొక్కబోతుంటే ఈ ఫోనొచ్చింది."

నేను నేల మీద చతికిలబడ్డాను. నా బతుకు ఇంకొక్క మీట దూరంలో వేలాడుతోందని తెలిసినా, తెలియనట్టు మాట్లాడాలి కదా. "ఆయ్, అలాగే ఉంచి, మాధురి గారు పంపిన లేబుల్ మెయిల్ ఒక్కటి వరలక్ష్మి గారికి పంపమనండీ" అన్నాను. కొండ మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. వరలక్ష్మి గారి ఫోన్లో ఆ లేబుల్ దిగేదాకా నేను కన్ను ఆర్పలేదు. ఆ లెక్కన అది రెప్పపాటే మరి. సత్తిబాబు ఆ ఫోన్ని ప్రింటరుకి తగిలించాడు. అచ్చు వేశాం, అతికించాం, పొద్దు గూకకముందే కంటైనరు గేటు దాటింది.

రాజు గారు ప్రసాదం పొట్లంతో వచ్చి కథంతా విన్నారు. పొట్లం బల్ల మీద పెట్టారు. నేను మనసులోనే షెడ్డులో నా చోటు వెతుక్కుంటున్నాను. చివరికి అన్నారు: "అయితే నువ్వు పనిమంతుడివై ఉంటే ఈ పాటికి మునిగిపోయేవాళ్లమన్నమాట. బద్ధకస్తుడివి కాబట్టి బతికాం."

మర్నాడు మాధురి గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పకపకా నవ్వారు. "రెప్పపాటు అన్న రోజు మా ఆఫీసంతా నవ్వుకున్నామండీ. ఎవరు నమ్మారు? మీ రొయ్య బాగుందని ఇచ్చాం ఆర్డరు. లేబుల్ అడిగితే అప్పుడే పంపేదాన్ని కదా!"

అంత సేపు పడ్డ యాతన ఎవరి కోసమండీ? నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత బుద్ధిగా నేర్చుకున్నాను. మెయిల్ ఇప్పుడు రోజూ మూడు చోట్లకి నకలు వెళుతుంది. ఒకటి ఆఫీసులో వేరే డిస్కులో, ఒకటి ఆన్‌లైన్లో, ఒకటి రాజు గారి ఇంటి బీరువాలో దాచే డిస్కులో. అప్పుడప్పుడూ మెయిల్ పోయిందనుకుని తిరిగి తెచ్చి చూస్తాం. వరలక్ష్మి గారు గడియారం పట్టుకుని కూర్చుంటారు. అరగంటలో వస్తుంది. అరగంటే అని మాధురి గారికీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మొన్న పెద్ద గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది, కంప్యూటరూ ఆగింది. చీకట్లోంచి రాజు గారి కేక వినబడింది.

"ఒరేయ్ శ్రీనూ! బ్యాకప్ లేదంట్రా?"

"ఎందుకు లేదండీ!" అన్నాను ఛాతీ విరుచుకుని. "మూడు చోట్ల ఉందండీ!"

చీకట్లోంచే వరలక్ష్మి గారి గొంతు నెమ్మదిగా వచ్చింది. "బ్యాటరీకి నీళ్లు పోసి ఎన్నాళ్లయింది బాబూ?"

కాబట్టి అన్నవరం సత్యదేవుడి సాక్షిగా, మా కంటైనరు హారన్ సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరైనా నన్ను బ్యాకప్ ఉందా అని అడిగితే, "దేనికండీ?" అని అడక్కుండా నోరు విప్పను. బ్యాటరీకి నీళ్లు పోయడం కూడా మరవనని ఒట్టు పెట్టబోయాను గానీ, రాజు గారు ఆ అవసరం లేదన్నారు. ఆ పని ఇప్పుడు వరలక్ష్మి గారు చేస్తున్నారు. నేను కంప్యూటరు గదిలోకి వెళ్లాలంటే, తాగే నీళ్ల సీసా కూడా గుమ్మం బయట పెట్టి వెళ్లాలి.