బ్యాటరీ లేని పెట్టె మోగిన మధ్యాహ్నం

దయ్యాలను నేను నమ్మను. మా మేనత్తకు దయ్యం పట్టిందని ఊరంతా వేపమండలు పట్టుకుని పరిగెడితే, నేను థర్మామీటరు పట్టుకుని వెళ్ళినవాణ్ణి. నూట మూడు డిగ్రీలుంది. బిళ్ళ మింగిస్తే సాయంత్రానికి దయ్యం చెమటలు కక్కుకుంటూ దిగిపోయింది. అప్పటి నుంచీ ఈ విషయంలో నా అభిప్రాయం అదే.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. నేనేదైనా చెబుతుంటే మా ఆవిడ విజయ పక్కన కూర్చుని తగ్గిస్తూ ఉంటుంది. నేను తాచుపామంటే ఆవిడ బురదపామంటుంది. నేను ఏనుగంత పంది అంటే, పంది అని వదిలేస్తుంది. ఇది రాసి ఆవిడ చేతికిచ్చాను. సైరన్ మోత దగ్గర ఒకచోట తప్ప ఎక్కడా కలం పెట్టలేదు.

సెల్‌ఫోన్లు కొత్తగా జేబుల్లోకి వస్తున్న రోజులవి. ఆ ఏడు పత్తి రేటు నేలకు పడింది. మళ్ళీ లేచేదాకా అమ్మకూడదని పల్నాడంతా భీష్మించుకుని కూర్చుంది. సత్తెనపల్లి శివార్లలో ఉన్న మా ఇంట్లో పడకగదిలో పత్తి, వరండాలో పత్తి. పెరుగన్నంలో పత్తి. నేను తుమ్మితే దీపారాధనకు సరిపడా వత్తులు రాలేవి. ఇంట్లో ఇక చోటు లేక కారు షెడ్డు మీద పడ్డాం. కారును వేపచెట్టు కిందికి తోలేసి, షెడ్డును రేకుల దాకా పత్తితో నింపాం. కాకులు కారుకు కొత్త రంగు వేయడం మొదలుపెట్టాయి.

పక్క ఊళ్ళో ఎవరి షెడ్డులోంచో పత్తి పోయిందని తెలిసింది మొదలు నాకు నిద్ర కరువైంది. ఇంటికైతే అలారం ఉంది. హాల్లో ఒక పెట్టె, దాన్నుంచి తలుపులకూ కిటికీలకూ తీగలు, డాబా మీద సైరన్. దాని తాళంచెవి నా మొలతాడుకు కట్టి ఉండేది. చిక్కల్లా షెడ్డుతోనే. అది పెరటి చివర విడిగా ఉంది. మధ్యలో మిరపకాయలు ఆరబోసుకోవడానికి సిమెంటు చేయించిన కళ్ళం. తీగ పైనుంచి లాగితే పత్తి ట్రాక్టరు తెంపుకుపోతుంది. కిందనుంచి లాగాలంటే కళ్ళం పగలగొట్టాలి.

"గునపం వేస్తే ముందు నా మీద వెయ్యండి" అంది విజయ.

అప్పుడు గుంటూరు నుంచి శ్రీను అనే మెకానిక్ వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు. ఎండలోనూ తీయడు, నీడలోనూ తీయడు. తీగలెందుకండీ, రేడియో ఉండగా అన్నాడు. షెడ్డు తలుపుకొక చిన్న పెట్టె, లోపల కదలికను కనిపెట్టే పెట్టె ఇంకొకటి బిగించాడు. రెండూ బ్యాటరీలతో నడుస్తాయి. అవి గాల్లోంచి కబురు పంపితే ఇంట్లో అందుకునే రిసీవరును పాత అలారానికి కలిపాడు. షెడ్డు తలుపు కదిలితే చాలు, హాల్లో షెడ్డు తాలూకు ఎర్ర దీపం వెలుగుతుంది, డాబా మీద సైరన్ మోగుతుంది. ఆ మోతకు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనివాళ్ళు కూడా భోజనాలకు లేచేవారు. (విజయ దిద్దుబాటు: మా వీధి మలుపు దాకా వినపడేది.)

పక్కింటి మస్తాన్ వలి ఇదంతా గోడ మీద గడ్డం ఆనించి చూశాడు. పత్తి వ్యాపారి, ఒక ట్రాక్టరు ఉంది, నా ఈడువాడే. విజయను చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి నాకు బావ. మా ఇంట్లో ఏది కొంటే అది వారం తిరక్కుండా ఆ ఇంట్లోనూ ఉండాలి. అదే శ్రీనును పిలిపించి, అదే సరుకు తన పత్తి షెడ్డుకూ పెట్టించాడు.

అక్కడి నుంచి మొదలైంది నరకం. మేం షెడ్డు తీస్తే వాళ్ళిల్లు మోగేది. వాళ్ళు తీస్తే మా ఇల్లు మోగేది. నేను దుడ్డుకర్రతో ఇటు, ఆయన పలుగుతో అటు.

"ఏం బావా, నా షెడ్డు నేను తెరుచుకుంటే నీ కొంప ఎందుకేడుస్తుంది?" అనేవాడు మస్తాన్.

"నువ్వు నన్ను చూసి కొన్నావుగా, అందుకే అది నన్ను చూసి ఏడుస్తోంది!"

శ్రీనును రప్పించాం. పెట్టెల లోపల చీమ తలకాయంత స్విచ్చులుంటాయి. వాటిని పైకో కిందికో జరిపి ఇంటికొక గుర్తు పెట్టాలట. ఆ మహానుభావుడు రెండిళ్ళకూ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే బిగించి పోయాడు. మా గుర్తు మార్చాడు. తరువాత నేనే స్వయంగా మస్తాన్ షెడ్డు తలుపు చేతులు నొప్పి పుట్టేదాకా తీసి మూశాను. మా ఇంట్లో చప్పుడు లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

కొన్నాళ్ళు ప్రశాంతంగా గడిచింది. ఆ తరువాత వరసగా మధ్యాహ్నాలు మోగడం మొదలుపెట్టింది. సరిగ్గా అన్నం కలుపుకునే వేళకు. ఎర్ర దీపం చూస్తే షెడ్డుదే. ఎంగిలి చేత్తో పరిగెత్తుకెళితే వేసిన తాళం వేసినట్టే ఉండేది. తీసి చూస్తే పత్తి మీద పిల్లి అడుగైనా లేదు. మస్తాన్ ఆ మధ్యాహ్నాలు అసలు ఊళ్ళోనే లేడు, గుంటూరు మార్కెట్ యార్డులో ఉన్నాడు. కాబట్టి ఆయన మీద వేయడానికీ లేదు.

నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. బజార్లో మా కొట్లో కూర్చుంటే చెవులు ఇంటి మీద. ఇంట్లో ఉంటే కళ్ళు దీపం మీద. ముద్ద నోటి దగ్గర పెట్టుకుని సైరన్ కోసం ఎదురుచూసే దశకు వచ్చాను. మోగినా హడలే, మోగకపోయినా హడలే.

శ్రీనుకు ఫోను చేస్తే బ్యాటరీలు అయిపోవస్తే అలా పిచ్చి కూతలు కూస్తాయండీ, తీసి అవతల పెట్టండి, నేను కొత్తవి తెస్తాను అన్నాడు. షెడ్డు పెట్టెలు రెండూ ఊడదీశాను. బ్యాటరీలు తీసేశాను. డొల్ల పెట్టెల్ని భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. ఇంటి కిటికీలకైనా కాపలా ఉండాలని అలారం మాత్రం వేసే ఉంచాను.

మర్నాడు మధ్యాహ్నం విజయ పెరుగు వడ్డిస్తోంది. సైరన్ మోగింది.

హాల్లోకి వెళ్ళి చూశాను. వెలుగుతున్నది షెడ్డు దీపం. వెనక్కి తిరిగితే ఆ షెడ్డు పెట్టెలు బల్ల మీద నోరు తెరుచుకుని పడి ఉన్నాయి. విజయ గరిటె పట్టుకుని వాటినే చూస్తోంది.

నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. మా పెట్టెలు కావు కాబట్టి ఇది పక్కింటిదే, మళ్ళీ గుర్తులు కలిసిపోయాయి అనుకున్నాను. ఆ మాత్రం ఆలోచనతోనే మా షెడ్డు వైపు వెళ్ళకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాను.

"బావా! ఆ తలుపు ఆడించడం ఆపవయ్యా!"

పలుకు లేదు. వాళ్ళావిడ చీరాలలో అక్క గారింటికి వెళ్ళింది. ట్రాక్టరు వాకిట్లోనే ఉంది. ఇంతలో నా వెనక విజయ గొంతు వినపడింది.

"ఏవండీ, అన్నయ్య చెప్పులు చూడండి."

గోడ అవతల మస్తాన్ షెడ్డు గుమ్మం ముందు చెప్పులు విడిచి ఉన్నాయి. మా వైపు విడిపత్తి నింపేటప్పుడు పైకెక్కి కాళ్ళతో తొక్కుతారు. తొక్కితేనే చోటు సరిపోతుంది. పత్తి మీదికి చెప్పులతో ఎవరూ ఎక్కరు. లక్ష్మి అని మేమంటాం, మట్టి అంటితే రేటు పడుతుందని మస్తాన్ అంటాడు. చెప్పులు బయట ఉన్నాయంటే మనిషి పత్తి మీద ఉండాలి. తెరిచిన తలుపులోంచి చూస్తే మనిషి లేడు. రేకుల దాకా ఉండాల్సిన పత్తి ఒక మూల జారి కూలిపోయి ఉంది.

గోడ ఎలా దూకానో తెలియదు. లోపలికి వెళ్ళి అరిచాను. పత్తిలో అరుపు సాగదు, నోటి ముందే చచ్చిపోతుంది. రెండు చేతులా లాగుతుంటే లాగినంతా మళ్ళీ పైనుంచి జారుతోంది. విజయ వీధిలోంచి చుట్టూ తిరిగి వచ్చి, పత్తి కుంగి గుంటలా ఉన్న చోట చెయ్యి దింపింది. భుజం దాకా దింపింది.

"వేళ్ళు... వేళ్ళు తగిలాయండీ!"

సైరన్ గోలకు తిట్టడానికి ఆగిన ఆటో అబ్బాయి కూడా లోపలికి దూకాడు. ముగ్గురం కలిసి మస్తాన్‌ను చంకల కింద పట్టి లాగాం. మొహం నల్లబడింది. నోట్లో, ముక్కులో పత్తి. విజయ వేలు పెట్టి గొంతులోంచి తీసింది. నేను వీపు మీద చరిచాను. ఏమీ లేదు. మళ్ళీ చరిచాను. ఆఖరికి దగ్గాడు. ఆ దగ్గు ఎంత పెద్దదో నేను చెప్పను. చిన్న దగ్గు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సైరన్ ఎప్పుడు ఆగిందో మాకెవరికీ గుర్తు లేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆగి ఉంది, దీపం ఆరి ఉంది. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

తరువాత శ్రీను వచ్చి అన్నీ విప్పి చూశాడు. గుర్తులు వేరువేరుగానే ఉన్నాయి. పత్తి తొక్కడానికి దిగేముందు మస్తాన్ తన అలారం ఆపేశాడు. ఆయన షెడ్డు తలుపు పొద్దుటి నుంచీ తెరిచే ఉంది, కొత్తగా కదిలింది లేదు. లోపలి పెట్టె వారాల కిందటే పత్తిలో పూడిపోయింది. "రేడియో అండీ, ఎక్కడి కబురో పట్టుకుని ఉంటుంది" అన్నాడు శ్రీను. ఆ మాట అనేటప్పుడు మాత్రం కళ్ళద్దాలు తీశాడు.

సరే, రేడియోయే అనుకుందాం. కానీ ఆ ముందు మధ్యాహ్నాలు ఊరికే మోగి ఉండకపోతే నేను పెట్టెలు ఊడదీసేవాణ్ణి కాదు. పెట్టెలు బల్ల మీద లేకపోతే ఆ రోజు మా షెడ్డుకే పరిగెత్తి, తాళం చూసి, సైరన్ ఆపి, వచ్చి పెరుగన్నం తినేవాణ్ణి. ఇది రాత్రిళ్ళు నాలో నేను తిప్పితిప్పి చూసుకున్నాను.

మస్తాన్ కోలుకున్నాక అడిగాను. లోపల సైరన్ వినపడిందా అని.

"లేదు బావా, ఒట్టు. ఏమీ వినపళ్ళేదు. ఊపిరాడక చస్తా ఒకటే అనుకున్నా. రోజూ ఈ వేళకి వీళ్ళ కొంప మొత్తుకునేదంటగా, ఇవాళ ఏం రోగమొచ్చింది దీనికి అని."

ఆయన అనుకున్నాక మోగిందో, మోగుతుండగా అనుకున్నాడో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఇది మాత్రం ఏమిటో చెప్పలేను.

ఆ అలారం పీకించేసి చాలా ఏళ్ళయింది. మధ్యాహ్నం కంచం ముందు కూర్చోగానే నాకు ఏదో తోస్తుంది. లేచి వెళ్ళి గోడ మీంచి కేకేస్తాను.

"ఏం బావా, తిన్నావా?"

"తిన్నాలేవయ్యా, పోయి నువ్వు తిను."

ఆ గొంతు వినపడేదాకా నాకు ముద్ద దిగదు.