చదివాకే సంతకం

మా టీచరమ్మ పోయారని మంగళవారం పొద్దున్నే వెంకాయమ్మ పెద్దమ్మ వచ్చి చెప్పింది. చెప్పి, గుమ్మంలోనే చతికిలబడింది. ఆరేళ్లుగా నేను టీచరమ్మతో మాట్లాడలేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తొంభైల చివర్లో, కొత్తపట్నం వైపున్న మా ఊరి బడికి ఆవిడ వచ్చారు. మిరపకోతల నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లను సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి సంతకం నేర్పేవారు. "వేలిముద్ర వేస్తే వేలే కనపడుద్ది. పేరు రాస్తే మనిషి కనపడుద్దమ్మా" అనేవారు. వెంకాయమ్మ పెద్దమ్మకు తన పేరు రావడానికి ఓ వేసవి పట్టింది. ఎంత దిద్దినా ఆ చివరి మవత్తు పక్కకు జారేది.

మా పొలాల్లో బొగ్గు కరెంటు ప్లాంటు పెడతామని కంపెనీ వచ్చినప్పుడు ఊరంతా వద్దంది. షామియానా వేసి మీటింగు పెట్టారు. వచ్చినవాళ్ల పేర్ల కోసమంటూ ముందు ఓ కాగితం చాపారు, పక్కనే ఇంకుప్యాడు. మా ఆడవాళ్లు దాన్ని పక్కకు నెట్టి, వరుసలో నిలబడి, గర్వంగా సంతకాలు చేశారు. లోపలికెళ్లి మాకొద్దని గొంతులు చించుకున్నారు. ఆ కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉన్నది భూములివ్వడానికి సమ్మతి అని తర్వాత తెలిసింది.

ఒంగోలులో విచారణ పెట్టారు. అవి దొంగ సంతకాలని చెప్పమని టీచరమ్మను బతిమాలాం. నేర్పిన మనిషి మాట నమ్ముతారని మా ఆశ. అధికారి జిరాక్సు ముందు పెట్టాడు. ఆవిడ ఒక్కో పేరే వేలితో తడుముతూ వచ్చి, జారిన మవత్తు దగ్గర ఆగిపోయారు.

"వాళ్లవేనండీ. నేనే నేర్పాను. కానీ పైనున్నది చదవడం నేర్పలేదు. అదేంటో వాళ్లకు తెలియదండీ."

అధికారి మొదటి ముక్క మాత్రమే రాసుకున్నాడు.

బయటికొచ్చాక అరిచాను. "ఒక్క అబద్ధం చెబితే మీ సొమ్మేం పోయిందండీ? ఊరు మిగిలేది గదా!"

"నేను దిద్దించిన అక్షరాలను కాదని ఎట్లా అనమంటావురా? తలకిందులుగా నేర్పాను. చదువు ముందు నేర్పాల్సింది."

నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత ఎదురుపడితే తల తిప్పుకునేవాణ్ణి.

కంచె పడింది. మిరపచేలు పోయాయి. రిటైరయినా ఆవిడ ఊరు వదల్లేదు. ఇంటింటికీ వెళ్లి, సబ్బు కవరో, బస్సు టికెట్టో, ఏది దొరికితే అది చదివించేవారు. "చదివాకే సంతకం. దేవుడొచ్చి అడిగినా అంతే" అనేవారట. నేను ఆ ఛాయలకే పోలేదు. మూర్ఖుణ్ణి. ఆరోజు షామియానా దగ్గర ఆ కాగితం చదవగలిగిన వాళ్లలో నేనూ ఉన్నాను. నా తప్పు కూడా తెచ్చి ఆవిడ నెత్తిన వేశాను.

మా శ్మశానం కూడా కంచె లోపలే ఉండిపోయింది. పాడె గేటు దగ్గర ఆగింది. వాచ్‌మన్ ఓ ఫారం తెచ్చి, సంతకం పెట్టి పొమ్మన్నాడు. నేను జేబులోంచి పెన్ను తీశాను. శ్మశానానికి ఎప్పుడూ రాని ఆడవాళ్లు ఆరోజు వచ్చారు. వెంకాయమ్మ పెద్దమ్మ నా చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఉండరా. చదవనీ."

కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. ఎండ మాడ్చేస్తోంది. మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు. తొందరగా కానివ్వమని వాచ్‌మన్ రెండుసార్లు అన్నాడు. పెద్దమ్మ తలెత్తలేదు. ఆమె వేలు ఇంకా రెండో వరుస మీదే ఉంది.