లెక్క రానివాళ్ళ సంతకం

మా మనవరాలికి ఆరు, ఏడు తరగతుల్లో లెక్కలు చెప్పిన టీచరమ్మ పోయిన ఆదివారం చనిపోయారు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. నావి కోడిగీతలు. ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివాను, ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. అచ్చు వేసేవాళ్ళు దిద్దుకోండి. చదివేవాళ్ళు మన్నించండి.

సంగతి నాకు అమీర్‌పేట కూరగాయల బజారులో తెలిసింది. మనవరాలితో చదివిన పిల్ల తల్లి ఒకావిడ ఎదురై, "బాబాయిగారూ, లెక్కల మేడం పోయారు, తెలుసా? చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారంట. మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయిందంట" అంది. "అలాగా" అన్నాను. ఆవిడ ఇంకా ఏదో చెప్పింది. నేను బీరకాయలు ఏరుకున్నాను. లేతవి ఏవో ముదురువి ఏవో చూసుకుని మరీ ఏరుకున్నాను. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెబితే అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. నేను కుక్కరు ఎన్ని కూతలు వేసిందో లెక్కపెడుతున్నాను. ఇప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

ఆవిడ ఎవరో తెలియనివాళ్ళకి చెప్పాలి. అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో రెండంతస్తుల బడి. అందులో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు ఆవిడే. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. నేను గుంటూరు వైపు నుంచి మా అమ్మాయి దగ్గరికి వచ్చినవాణ్ణి. అమ్మాయి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడు లేడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నేను ఒక కాంప్లెక్సులో లిఫ్టు మనిషిగా చేరాను. అప్పుడు మా కాంప్లెక్సులో మేడమేడకీ ఒక కంప్యూటర్ కోచింగ్. ఎక్కడెక్కడి పిల్లలో ఫైళ్ళు గుండెకి ఆనించుకుని ఎక్కేవాళ్ళు. బయట పంజాగుట్టలో ఫ్లైఓవర్ కడుతున్నారు, దుమ్ము. పిల్లలు ఎక్కుతూ నన్ను చూసి నవ్వేవాళ్ళు, దిగేటప్పుడు చూసేవాళ్ళు కాదు. ఉదయం నుంచి నాలుగింటి దాకా నా డ్యూటీ. తర్వాత మనవరాలికి నేనే దిక్కు.

బడి తెరిచిన మొదటి రోజున టీచరమ్మ ప్రతి పిల్లకీ ఒక జిరాక్సు కాగితం ఇచ్చేవారు. నోటుపుస్తకం మొదటి పేజీలో అది అంటించాలి. క్లాసులో ఎలా ఉండాలి, హోంవర్కు ఎలా చేయాలి, అన్నీ అందులో ఉండేవి. రబ్బరు తేకూడదు. తప్పు చేస్తే ఒక్క గీత కొట్టి కింద మళ్ళీ చేయాలి, తప్పు కనపడుతూ ఉండాలి. పక్కవాళ్ళ పుస్తకం చూడొచ్చు, కానీ ఎవరిది చూశారో రాయాలి. ఇంటికి అయిదు లెక్కలే, ఆరోది చేస్తే దిద్దరు. చివర్న ఉన్నది వినడానికి వింతగా ఉండేది. ఆ అయిదు లెక్కల్లో ఒకటి ఇంట్లో లెక్క రానివాళ్ళకి చెప్పాలి. విన్నవాళ్ళు "తెలిసింది" అనో "తెలియలేదు" అనో సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలి. దానికోసం పేజీ అడుగున ఒక గడి గీయించేవారు. ఏది రాసినా మార్కులు తగ్గవు.

మా ఇంట్లో లెక్క రానివాణ్ణి నేనే. రోజూ మంచం మీద నా పక్కన కూర్చుని మనవరాలు చెప్పేది. ఆరో తరగతిలో సులువుగానే ఉండేవి. ఏడులో మైనస్‌లు వచ్చాయి. సున్నా కన్నా తక్కువ ఉంటుందంటే నాకు బుర్రకి ఎక్కలేదు. అయినా "తెలిసింది" అని రాసి సంతకం పెట్టాను. పిల్ల ముందు మొద్దులా కనపడటం ఇష్టం లేక. అంత చదువుకున్న టీచరమ్మ రోజూ నా చేతిరాత చూస్తారు, అందులో తెలియలేదు అని చూస్తే ఏమనుకుంటారో అని. నెల రోజులు అలాగే పెట్టాను.

ఒకరోజు పిల్ల చేత కబురు పంపారు. డ్యూటీ దిగి యూనిఫాం మీదే వెళ్ళాను. పిల్లలు వెళ్ళిపోయారు. ఆవిడ మొదటి బెంచీ మీద కూర్చుని పుస్తకాలు దిద్దుతున్నారు. కళ్ళజోడు పైనుంచి చూశారు.

"రాండ్రి పెద్దాయనా. కూసోండ్రి. నిలబడితే నేనే మీకు పనిష్మెంట్ ఇచ్చినట్టుంటది."

కూర్చున్నాను. మనవరాలి పుస్తకం నా ముందు పెట్టి ఒక లెక్క మీద వేలు పెట్టారు. మైనస్ రెండు, మైనస్ మూడు కూడితే ఎంత. మనవరాలు ప్లస్ అయిదు అని వేసింది. కింద గడిలో నా సంతకం.

"గిది మీకు తెలిసిందని రాసిండ్రు. నాకు జర చెప్పుండ్రి, అయిదెట్లైంది?"

నేను టోపీ చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాను.  ఆవిడ ఇంకో పుస్తకం దిద్దుకున్నారు, నన్ను తొందర పెట్టకుండా.

"నాకు రాదమ్మా" అన్నాను చివరికి. "రాదని రాస్తే బాగోదని..."

"ఎవ్వరికి బాగోదు?"

"మీరేమనుకుంటారో అని."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "పెద్దాయనా, రానోళ్ళ కోసమే గా గడి పెట్టిన. వచ్చినోళ్ళ సంతకం నాకెందుకు? మీరు రోజూ తెలిసింది, తెలిసింది అంటిరి. పిల్ల ఏమనుకుంది? నేను మంచిగ చెప్పిన, తాతకు తెలిసిపోయింది అనుకుంది. స్లిప్ టెస్టుల ఇరవై అయిదుకు నాలుగొచ్చినయ్. నాలుగెందుకొచ్చినయని ఏడ్చింది. దానికి తెల్వదన్న సంగతే దానికి తెల్వదు."

ఆ మాటలో కోపం లేదు. దానివల్ల ఇంకా సిగ్గేసింది.

"తెలియలేదని రాస్తే నేను మళ్ళ చెప్త. తెలిసిందని రాస్తే నా చేతులు కట్టేసినట్టే" అన్నారు లేచి. గుమ్మం దాకా వచ్చి, "టోపీ మంచిగుంది" అన్నారు.

ఆ సాయంత్రం మనవరాలు చెప్పింది విని "తెలియలేదు" అని రాశాను. పిల్లకి మండింది.

"తాతయ్యా, మైనస్, మైనస్ కలిస్తే ప్లస్. అంతే. రూల్ అది. నువ్వు మొద్దువి!"

"మొద్దునేనమ్మా. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. నేను నాకు తెలిసిన దాంట్లోకి తెచ్చుకున్నాను. మా కాంప్లెక్సులో గ్రౌండు సున్నా. కింద కార్లు పెట్టే సెల్లార్లు రెండు. రెండో సెల్లార్ మైనస్ రెండు అనుకున్నాను. "లిఫ్టు రెండో సెల్లార్‌లో ఉందే. ఇంకా మూడు అంతస్తులు కిందికి దింపాను. అయిదో మేడ ఎలా వచ్చింది? కిందికి దిగేవాణ్ణి పైన ఎలా తేలాను?"

పిల్ల లెక్క వైపు చూసింది. "ఇంకా మూడు దింపాలంటే తవ్వాలి కదా తాతయ్యా" అంది.

"తవ్వాం అనుకో."

కాసేపు కాళ్ళు ఊపుతూ కూర్చుంది. తర్వాత లెక్క మీద ఒక్క గీత కొట్టి కింద మైనస్ అయిదు వేసింది. నేను "తెలిసింది" అని రాశాను. మైనస్‌లు వచ్చాక ఆ మాట నిజంగా రాయడం అదే మొదలు.

మర్నాడు టీచరమ్మ ఆ లిఫ్టుని క్లాసంతటికీ చెప్పారట. గుణకారంలో రెండు మైనస్‌లు ప్లస్ అయ్యే సంగతి వేరని, దాన్ని తెచ్చి కూడికలో పెట్టొద్దని విడమరిచి చెప్పారట. నోటుపుస్తకంలో నా సంతకం పక్కన ఎర్ర ఇంకుతో "లిఫ్టు మస్తుంది" అని రాసి పంపారు. పాతికేళ్ళు ఏ పనిలోనూ నన్ను మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఆ పేజీ చాలాసార్లు తిప్పి చూసుకున్నాను. మనవరాలికి సంవత్సరం చివర పరీక్షలో ఎన్ని వచ్చాయో ఇప్పుడు చెప్పను. ఈ సంగతి దానిది కాదు.

అసలు చెప్పాల్సింది ఇక్కడ ఉంది.

ఆ ఏడు మధ్యలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అప్పుడు వీధివీధికీ ఐఐటీ ఫౌండేషన్ కోర్సుల బోర్డులు. ఆరో తరగతి పిల్లలకి ఎనిమిదో తరగతి పుస్తకం. మా బడిలో కూడా బుక్‌లెట్లు తెప్పిద్దామని, రోజుకి వంద లెక్కలు ఇద్దామని మేనేజిమెంటు అనుకుంది. టీచరమ్మ పద్ధతి ఉంచాలా తీయాలా, అదే ఆ రోజు తేలాలి. అమ్మాయికి డ్యూటీ, నేను వెళ్ళాను. గుమ్మంలో టీచరమ్మ కనపడ్డారు. "ఒక ముక్క చెప్తానమ్మా నేను, ఆ లిఫ్టు సంగతి" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆవిడ మొహం వెలిగింది. "చెప్పుండ్రి పెద్దాయనా. నేను చెప్తే నా కోసం చెప్పినట్టైతది" అన్నారు.

వెనక బెంచీలో కూర్చున్నాను. మెడలో ఆఫీసు కార్డు తీయకుండానే వచ్చిన ఒక తండ్రి లేచాడు. "సార్, మా వాడికి రోజుకి అయిదు లెక్కలేంటి సార్? మా అపార్ట్‌మెంట్లో పిల్లలు వంద చేస్తున్నారు. పైగా ఈ సంతకం! మా పనమ్మాయి చేత పెట్టించుకొచ్చాడు సార్. రేపు వీణ్ణి ఇంటర్వ్యూలో అడిగేది పనమ్మాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా పక్కాయన నా తొడ మీద కొట్టి మరీ నవ్వాడు. నేను కూడా నవ్వాను. అది దాచను. నవ్వాను.

టీచరమ్మ నిలబడి, "సార్, గా పనిచేసే ఆమెకు మీ బాబు ఎంత ఓపికగ చెప్పిండో మీరు చూసిండ్రా?" అని అడిగారు. ఆయన వాచీ చూసుకున్నాడు.

ప్రిన్సిపాల్ గారు, "పాత పద్ధతే ఉండాలనేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మొహమాటం వద్దు" అన్నారు. ఆగారు కూడా. ఫ్యాను తిరుగుతోంది. టీచరమ్మ వెనక బెంచీవైపు ఒక్కసారి చూశారు.  చుట్టూ ఇస్త్రీ చొక్కాలు. నాది లిఫ్టు యూనిఫాం. నేను ఏం మాట్లాడినా మళ్ళీ నవ్వుతారు అనుకున్నాను. లేవలేదు.

"సరే, అయితే అందరికీ సమ్మతమే" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అయిపోయింది. నేను లేస్తే ఆగేదా అంటే, ఆగేది కాదేమో. కానీ ఒక్కడు ఉన్నాడని ఆవిడకి తెలిసేది.

బయట గేటు దగ్గర ఆవిడే నన్ను ఆపారు. నేను తల దించుకున్నాను. "తెల్వలేదని రాసుడు నేర్చుకున్నరు. లేచి చెప్పుడు సుత వస్తది. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు. తర్వాత నాలుగేళ్ళు ఆవిడ ఆ బుక్‌లెట్లే చెప్పారు. గడి పోయింది. బస్టాపులో కనపడితే పలకరించేవారు, మీటింగు మాట ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తలేదు. ఎప్పుడో ఒకరోజు చెబుదాం అనుకుంటూ ఉన్నాను. ఆవిడ రోజూ అదే బస్టాపులో ఉంటారు కదా అనుకున్నాను.

మొన్న బుధవారం వాళ్ళింట్లో ప్రార్థన. మనవరాలు, నేను వెళ్ళాం. అది ఇప్పుడు ఇంటర్. ప్లాస్టిక్ కుర్చీలు సందులోకి కూడా వేశారు. పాస్టరు గారు, టీచరమ్మ గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. నేను లేచాను. ఈసారి లేచాను. అందరూ నావైపు తిరిగారు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మాట రాలేదు. "పరవాలేదు పెద్దాయనా, కూర్చోండి" అన్నారు పాస్టరు గారు. మనవరాలు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

నోటితో రానిది రాస్తే వస్తుందేమోనని ఇది రాస్తున్నాను. ఆవిడ పెట్టిన గడిలో సంతకాలు పెట్టినవాళ్ళు ఇంకా చాలామంది ఉండాలి. తాతలు, అమ్మమ్మలు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. ఆ పద్ధతి మళ్ళీ పెట్టమని ప్రిన్సిపాల్ గారిని అడగడానికి వెళ్దామనుకుంటున్నాను. ఒక్కణ్ణే వెళితే బుధవారం అయినట్టే అవుతుంది. మీలో ఎవరైనా నాతో వస్తే నేను మాట్లాడగలనేమో. వస్తామని ఒక్క ముక్క, ఈ పత్రిక వాళ్ళకి రాసినా నాకు చేరుతుంది.

నిన్న మధ్యాహ్నం ఆ సందులోకి వెళ్ళాను. బడి నడుస్తోంది. ఏడో తరగతి కిటికీ సందువైపే ఉంటుంది. కొత్త సారు బోర్డు మీద వేగంగా లెక్కలు వేసుకుంటూ పోతున్నాడు. పిల్లలందరూ తలలు వంచుకుని పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. మూడో బెంచీలో ఒక పిల్ల చెయ్యి ఎత్తింది. సారు వెనక్కి తిరగలేదు. చెయ్యి నొప్పెట్టిందేమో, రెండో చేత్తో మోచెయ్యి కింద పట్టుకుంది. నేను కిటికీ దగ్గర చాలాసేపు ఉన్నాను. జవాబు ఆలస్యం చేయకండి, త్వరగా రాయండి. నేను వచ్చేసేటప్పటికి ఆ పిల్ల చెయ్యి ఇంకా దించలేదు.