బాపు చూసిన రుచి

ఆసుపత్రి జనరేటరు దగ్గర డీజిలు వాసన తగిలితే ఇచ్చోడలో మా చిన్నప్పటి ఇల్లు గుర్తొస్తుంది. అమ్మానాన్నలను అవ్వ, బాపు అనేదాన్ని. బాపు పాత పెట్రోలు కారుకు డీజిలింజను బిగించాడు. డీజిలు పైపులో గాలి చేరితే అది కదిలేది కాదు. బాపు పైపును నోటితో గుంజి, డీజిలు అందగానే ఉమ్మేసేవాడు. అవ్వ పులుసులో ఉప్పు చూసినట్టు రుచి చూస్తున్నాడనుకునేదాన్ని.

"ఎట్లున్నది బాపూ?"

"జర చేదున్నది బిడ్డా," అని దగ్గేవాడు.

ఒక చలికాలం ఆయనకు దగ్గు ముదిరి ఊపిరాడలేదు. ఆదిలాబాదు దవాఖానకు పోదామంటే కారు కదల్లేదు. నడపడానికి పిలిచిన డ్రైవరు చేతులెత్తేశాడు.

"పైపు ఇటియ్యి," అన్నాడు బాపు.

"ఇంకా గా పైపెందుకు," అంది అవ్వ.

ఆయనే గుంజాడు. ఇంజను అందుకుంది. దానితో పాటు బాపుకూ నయమైందనుకుని చప్పట్లు కొట్టాను.

ఆ డీజిలే ఆయన ఊపిరితిత్తులను తిన్నదని పెద్దయ్యాక తెలిసింది.

ఆ రోజు సాయంత్రమే బాపు శవాన్ని అదే కారులో తెచ్చారు. ఈసారి కారు దారిలో ఎక్కడా ఆగలేదట.