చెరిసగం గారి విచారణ

ఆ వీధిలో కళ్లజోళ్ల కొట్టాయన అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. చెరిసగం అంటేనే తెలుస్తుంది. పై వాటా నీళ్లు కారి కింది వాటా గోడ చెమ్మెక్కినా, అన్నదమ్ములు జుట్లు పట్టుకున్నా తీర్పు ఆయనదే. ఆ తీర్పు కూడా ఎప్పుడూ ఒకటే, తప్పు ఇద్దరిదీ చెరిసగం. తల పగలగొట్టినవాడికీ, పగిలినవాడికీ చెరో మొట్టికాయ వేసి, దాన్నే న్యాయమనుకుని హాయిగా నిద్రపోయే రకం. అత్తాకోడళ్ల తగవులో ఇంట్లోనూ ఇదే వరస కాబట్టి భార్య ఆయనతో ముక్తసరిగానే మాట్లాడుతుంది. టైపు నేర్చుకున్న కూతురు ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరుగుతోంది.

అలాంటి మనిషిని ఏరికోరి విచారణకు పిలిచింది పార్టీ. ఎన్నికల్లో నిలబడబోయే అభ్యర్థి తన చెయ్యి పట్టుకుని లాగాడని ఆఫీసు టైపిస్టు ఫిర్యాదు చేసింది. ఫోన్లో రికార్డు చేసిన మాటలు తెచ్చింది. అది తన గొంతే కాదన్నాడు అభ్యర్థి. రుజువు కాకపోతే ఆ పిల్ల ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది. ఆ సంగతి తెలిసే చెరిసగం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి పెద్ద కుర్చీలో కూర్చున్నాడు.

పార్టీ ఆఫీసు మేడమీద ఫ్యాను ఆపించి రికార్డింగు పెట్టారు. "తలుపు వెయ్యి. ఎందుకంత భయం?" అంది మగ గొంతు. కుర్చీ జరిగిన చప్పుడు. "చెయ్యి వదలండి సార్" అని ఆ పిల్ల మాట.

అభ్యర్థికి ఒళ్లు మండింది. "ఇదేం అన్యాయమండీ. అంతకుముందు నవ్వుతూనే మాట్లాడింది. అదంతా కోసేసి తెచ్చింది."

గొంతే తనది కానప్పుడు, ఆమె నవ్వినట్టు వీడికెలా తెలుసు? చంటిపిల్లలకైనా అర్థమవుతుంది. టైపిస్టు నేరుగా చెరిసగం వైపే చూసింది.

"విన్నారు కదండీ" అంది.

విన్నాడు. శుభ్రంగా విన్నాడు. చెవులు రెండూ బాగానే ఉన్నాయి మహానుభావుడికి. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"రికార్డింగు పూర్తిగా లేదమ్మా. ఆధారాలు చాలవు. ఆయన కాస్త చూసుకుని మసలుకోవాల్సింది. నువ్వూ ఒంటరిగా ఆ గదిలోకి వెళ్లకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఇక్కడా చెరిసగమే. అభ్యర్థి వాటాకి సీటొచ్చింది, ఆమె వాటాకి వీధి వచ్చింది.

ఆమె సంచీ సర్దుకుని మెట్ల దాకా వెళ్లిందో లేదో, అభ్యర్థి వచ్చి చెరిసగం భుజం మీద చెయ్యేశాడు.

"బాబాయ్, మీ అమ్మాయి ఉద్యోగం వెతుక్కుంటోందటగా. ఈ టైపిస్టు పని ఖాళీయే. రేపట్నించి పంపించెయ్యండి."

చెరిసగం కుర్చీలోంచి లేవబోయాడు. "వద్దులే బాబూ... దానికి ఒంట్లో బాగుండదు" అని నసిగాడు. ఆయన కూతురు గుండ్రాయిలా ఉందని వీధంతా ఎరుగును.

మెట్ల మీద టైపిస్టు ఆగి వెనక్కి తిరిగింది.

"ఎందుకండీ వద్దంటున్నారు? ఆధారాలు చాలవన్నారుగా. పంపించండి."

చెరిసగం తల దించుకున్నాడు. అభ్యర్థి చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉంది. తియ్యమనడానికి ఆయనకు నోరు రాలేదు.